మంచుదారికి గొలుసులు

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం నడుపుతున్న మా పాత విద్యార్థి ఒకడు గత నెలలో ఒకనాడు అసర్ నమాజు తరువాత మా గదికి వచ్చాడు. "హజ్రత్, జనవరిలో అమ్మీని, పిల్లలను తీసుకుని మొత్తం ఆరుగురం సొంత కారులో కశ్మీర్ వెళ్తున్నాం. గుల్‌మర్గ్‌లో మంచు చూడాలని పిల్లల కోరిక. టైర్లకు గొలుసులు కూడా తెప్పించాను. దుఆ చేయండి" అంటూ ఫోనులో వాటి ఫోటో చూపించాడు. చూస్తే అవి గొలుసులు కావు. బస్తా మూతికి బిగించే పట్టీల వంటి ప్లాస్టిక్ ముక్కలు.

దుఆ చేశాము. ఆపై కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాము. మన కుటుంబాలలో ఇలాంటి దూరప్రయాణాలు పెరుగుతున్నాయి కనుక ఆ మాటలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఉత్తరప్రదేశ్‌లో చదువుకునే రోజుల్లో కశ్మీరీ సహపాఠి ఒకరి ఇంటికి చిల్లై కలాన్‌లో వెళ్ళాము. డిసెంబరు 21 నుంచి 40 రోజులపాటు సాగే తీవ్రమైన చలికి అక్కడివారి పేరది. బస్సు డ్రైవరు దారి పక్కన ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని చక్రాలకు గొలుసులు తొడగడం అప్పుడే తొలిసారి చూశాము.

ఈ సంగతి కృష్ణా డెల్టావారికి చెప్పడం తేలిక. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రాలు బిగిస్తారు. రబ్బరు టైరు జారే చోట ఆ ఇనుము బురదను కొరికి ముందుకు నడుస్తుంది. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది. గొలుసూ అంతే. మంచు ఉన్నంత మేరకే దాని పని. తారు కనిపించగానే విప్పాలి. విప్పకుండా వేగంగా నడిపితే గొలుసు తెగి, చక్రం వెనుక ఉన్న బ్రేకు గొట్టాలను కొట్టే ప్రమాదముంది.

ఎంపికలో మొదట చూడవలసింది టైరు పక్కన ముద్రించిన కొలత. 215/60 ఆర్ 17 అని ఉంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, రిమ్ము 17 అంగుళాలు. ఈ కొలత గొలుసు పెట్టె మీద ఉండి తీరాలి. రెండవది, కారుతో ఇచ్చిన పుస్తకం. టైరుకూ బాడీకీ మధ్య చోటు చాలని కొన్ని కార్లకు గొలుసులు వేయవద్దని అందులోనే ఉంటుంది. మూడవది, ఇంజను ఏ చక్రాలను తిప్పుతున్నదో తెలుసుకోవడం. ఎర్టిగా వంటి కార్లలో ముందు చక్రాలకు, ఇన్నోవా క్రిస్టా, బొలెరో వంటి వాటిలో వెనుక చక్రాలకు తొడగాలి. నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండే గొలుసులు చవక. అయితే మెట్టుకూ మెట్టుకూ నడుమ ఖాళీలో చక్రం పక్కకు జారవచ్చు. వజ్రాకారపు అల్లిక ఉన్నవి నేలను ఎడతెగక పట్టి ఉంచుతాయి.

అరిగిన టైరుకు గొలుసు ప్రాయశ్చిత్తం కాదు. చట్టానికి 1.6 మిల్లీమీటర్ల గాడి చాలు, మంచుకు చాలదు. పైగా మన ఎండలకు తగినట్లు చేసిన రబ్బరు గడ్డకట్టే చలిలో గట్టిపడి పట్టు కోల్పోతుంది. గొలుసు తొడిగి కొన్ని వందల మీటర్లు నడిపాక ఆగి మళ్ళీ బిగించాలి. వేగం 40 కిలోమీటర్లు దాటరాదు. బ్రేకు మీద ఒక్కసారిగా కాలు వేయరాదు.

ఇక అసలు మాట. తంగ్‌మర్గ్ నుంచి గుల్‌మర్గ్‌కు ఎత్తైన మలుపుల దారి, సుమారు 13 కిలోమీటర్లు. మంచు కురిసినప్పుడు గొలుసులున్న వాహనాలను, నాలుగు చక్రాలూ ఇంజనుతో తిరిగే వాహనాలను మాత్రమే పైకి వదులుతారు. గొలుసు ఉంటే అనుమతి దొరుకుతుంది. ఆ దారిలో నడిపే అనుభవం దానితో రాదు. "కారు తంగ్‌మర్గ్‌లో ఉంచి, అక్కడి డ్రైవరు బండిలో వెళ్ళు" అన్నాము.

అతని ముఖం చిన్నబోయింది. "ఆటోనగర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి హజ్రత్. నా ఇంటివాళ్ళను ఇంకొకరి చేతిలో పెట్టనా?"

"కశ్మీర్ డ్రైవరు వచ్చి దివిసీమలో దమ్ము చేస్తానంటే ట్రాక్టరు ఇస్తావా బేటా?" అని అడిగాము. నవ్వేశాడు. కారులో కూర్చున్నవారి ప్రాణాలు నడిపేవాని వద్ద అమానతు. దాన్ని తనకంటే బాగా కాపాడగలవానికి అప్పగించడం చిన్నతనం కాదు.

"అయితే గొలుసులు కొనవద్దా?"

"కొను. అనుకోకుండా దారిలో మంచు కురిస్తే అవి నిన్ను మెల్లగా దిగువకు చేరుస్తాయి. కానీ ఇక్కడే తొడగడం నేర్చుకుని బయలుదేరు. గడ్డకట్టిన వేళ్ళతో, చీకట్లో, పిల్లలు ఏడుస్తుండగా నేర్చుకునే విద్య కాదది."

పోయిన జుమా నాటి సాయంత్రం కారుతో సహా మదరసా ఆవరణలోకి వచ్చాడు. ప్లాస్టిక్ పట్టీలను తిరిగి పంపి, ఉక్కు గొలుసులు తెచ్చాడు. కొడుకు గడియారం పట్టుకుని నిలబడ్డాడు. మొదటిసారి రెండు చక్రాలకూ కలిపి 40 నిమిషాలు పట్టింది; చేతికి గీరుకుపోయింది కూడా. మూడవసారికి 15 నిమిషాలే. విప్పి, తుడిచి, సంచిలో పెట్టి, "తంగ్‌మర్గ్‌లో బండి మాట్లాడమని మీ సహపాఠికి ఒక మాట చెప్పండి హజ్రత్" అన్నాడు.

ఆ రాత్రే ఫోను చేసి చెప్పాము.