గటకకు గౌరవం వచ్చింది, మరి ఇప్పసారాకు?

కాశిబుగ్గల చాయ్ తాగుతుంటే తట్టిన ముచ్చట ఇది. కోస్తాల టీ అంటరు, ఇక్కడ చాయ్. అక్కడ మజ్జిగ, ఇక్కడ సల్ల. అక్కడ చద్దన్నం, ఇక్కడ సద్ది. సీమల సంగటి, మన దిక్కు గటక. ఈ మాటలను ఒకప్పుడు సినిమాల్ల నవ్వులాట చేసిన్రు. తెలంగాణ ఉద్యమం వాటికి గౌరవం తెచ్చింది. మంచిదే.

మరి మా మాటల సంగతేంది? కోయల ఏరు అంటే నీళ్లు, తెలుగుల వాగు. చిన్నప్పుడు హాస్టల్‌ల "ఏరు కావాలె" అంటే అందరు నవ్విన్రు. నవ్వినోళ్లు కూడా ఇంట్ల బువ్వ, సల్ల అనేటోళ్లే.

నవ్వుతోనే ఆగితే సర్దుకుందుము. ఇప్పపువ్వుతో కాసేది ఇప్పసారా. వేల్పులకు, పెద్దలకు ముందుగాల ధార పోసినంకనే మేం ముడతం. నల్లబెల్లంతో కాసి అమ్మేది గుడుంబా. పట్నపోళ్లకు రెండూ గుడుంబానే. ఆ ఒక్క మాటతోని మా ఆచారం నేరమైపోతది. తాగి ఇండ్లు ఆగం చేసుకోమని నేనంటలే. ఉట్నూరుల మన ఆడబిడ్డలు అదే పువ్వుతో లడ్డూలు చేస్తే అందరు మెచ్చుకుంటున్నరు. పువ్వు ఒక్కటే, పేరును బట్టి చూపు మారుతున్నది.

పేరు నిలవాలంటే భాష నిలవాలె. 2003ల సంతాలీ, బోడో ఎనిమిదో షెడ్యూల్‌ల చేరినయి. గోండి, కోయ ఇంకా బయటనే ఉన్నయి. అమ్మభాషల ప్రాథమిక చదువుకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెప్తది. మరి మన గూడెం బడిల మొదటి పాఠం 'ఏరు'తో ఎందుకు మొదలుకావొద్దు?

తమ్ముళ్లు, చెల్లెండ్లు! ఈసారి ఇంటికి పోయినప్పుడు అవ్వను, తాతను అడిగి తిండి మాటలన్నీ రాసి పెట్టుండ్రి. మన పేర్లు మనమే చెప్పుకుందాం.

జై ఆదివాసీ!