అర్ధరాత్రి పాట, తెల్లవారి ప్రశ్న

ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల అర్ధరాత్రి పాడిన పాటల గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. కాని విచారణ కూడా లేకుండా వారిని బెత్తాలతో కొట్టారన్న సంగతిని తొందరగా దాటేస్తాం (అపొ.కా. 16:22-25). ఆ పాటలు పాడినవారి వీపుల మీద దెబ్బలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి!

అమెరికాలో లాస్‌ఏంజెలిస్‌ను ఆనుకుని ఉన్న కాంప్టన్‌లోని నల్లజాతి యువకులు కొందరు 1988లో 'ఎన్.డబ్ల్యూ.ఏ.' పేరుతో ఒక ర్యాప్ పాట విడుదల చేశారు. చర్మం రంగు చూసి పోలీసులు తమను ఆపి హింసిస్తున్నారన్నది అందులోని ఫిర్యాదు. బూతులు, పగ నిండిన ఆ మాటలను మనం సమర్థించలేం. పగతీర్చడం దేవుని పని (రోమా 12:19). ఆ పాట పోలీసులపై హింసను ప్రోత్సహిస్తోందని 1989లో ఒక ఎఫ్‌బీఐ అధికారి రికార్డు కంపెనీకి ఉత్తరం రాశారు. మరి ఫిర్యాదు మాటేమిటి?

1991 మార్చి 3న లాస్‌ఏంజెలిస్ పోలీసులు రోడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి లాఠీలతో చితకబాదుతుంటే ఒకాయన తన బాల్కనీ నుండి వీడియో తీశాడు. లోకమంతా చూసింది. అయినా 1992 ఏప్రిల్ 29న జ్యూరీ నలుగురు పోలీసుల్లో ఒక్కరినీ దోషిగా తేల్చలేదు. నగరం తగలబడింది. అరవై మందికి పైగా చనిపోయారు. 1993లో మాత్రమే ఫెడరల్ కోర్టులో ఇద్దరు దోషులుగా తేలారు. 2015లో అదే కాంప్టన్‌కు చెందిన కెండ్రిక్ లమార్ ర్యాప్ గీతాన్ని నిరసనకారులు వీధుల్లో పాడారు. అందులో కోపంతోపాటు దేవునిపై నిరీక్షణ కూడా ఉంది. అయినా 2020లో మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ ఒక పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచాడు.

తెల్లవారాక పౌలును గుట్టుగా పంపించేయాలని అధికారులు చూశారు. ఆయన ఒప్పుకోలేదు. అన్యాయంగా కొట్టించినవారే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకెళ్లాలన్నాడు (16:37). పౌలు పగ కోరలేదు, జవాబు అడిగాడు. రాత్రి పాడిన నోటితోనే పొద్దున న్యాయం అడగడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

అదే కథలో చెరసాల నాయకుడూ ఉన్నాడు. ప్రభువును నమ్మిన ఆ రాత్రే, బాప్తిస్మానికి ముందే, అతడు ఖైదీల గాయాలు కడిగాడు (16:33). మన సంఘాల్లో ఖాకీ దుస్తులు ధరించే విశ్వాసులున్నారు, లాఠీ దెబ్బలు తిన్న కుటుంబాలూ ఉన్నాయి. ఇద్దరి కోసమూ ప్రార్థిద్దాం. అయితే దెబ్బ తిన్నవాడు గట్టిగా అరిచినప్పుడు అతని భాషను సరిదిద్దే ముందు గాయం కడగడానికి నీళ్లు తీసుకెళదాం.