వృద్ధుల గృహాలు నడిపేవారికి పునశ్చరణ శిక్షణ ఏది?

స్టేషను మాస్టరుకు ఎన్నేళ్ళ అనుభవమున్నా నిర్ణీత కాలం గడవగానే పునశ్చరణ తరగతులకు హాజరు కాక తప్పదు. లోకో పైలట్ల విషయమూ అంతే. తపాలా ఉద్యోగులలో మైసూరు శిక్షణ కేంద్రం చూడనివారు తక్కువ. ప్రజల ప్రాణాలు, ప్రజల సొమ్ము ఎవరి చేతిలో ఉన్నవో వారు ఒకసారి నేర్చినదానితో సర్వీసంతా గడుపరాదన్న నియమం మన శాఖలలో ఏనాడో స్థిరపడినది. కాని లేచి నడువలేని, తమ పేరైనా గుర్తులేని వృద్ధులను నూరుమందిని ఒక కప్పు క్రింద ఉంచుకొన్న నిర్వాహకునికి దేశమంతటా వర్తించే ఇట్టి నిబంధన ఏదీ లేదు.

అమెరికాలో ఉన్నది. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళలోని ప్రైవేటు ఆసుపత్రి కాదు. ఇంటివద్ద సంరక్షణ సాధ్యపడని వృద్ధులు సంవత్సరాల తరబడి నివసించే చోటు. 1967లో సాంఘిక భద్రతా చట్టానికి జరిగిన సవరణల ఫలితంగా, 1970 నాటికి రాష్ట్రాలన్నీ ఈ గృహాల నిర్వాహకులకు లైసెన్సు విధానం ఏర్పరచవలసివచ్చినది. ఆ లైసెన్సు నిలుపుకొనుటకు కాలిఫోర్నియాలో రెండేళ్ళకు 40 గంటల శిక్షణ పొందవలెను. అందులో కనీసం 10 గంటలు వార్ధక్యం, రోగుల సంరక్షణ అనే విషయాలకే కేటాయించవలెను. ఈ 10 గంటల షరతే అసలు విషయమని మా అభిప్రాయం. అది లేనిచో నిర్వాహకులు పద్దులు, బిల్లులు, పన్నుల తరగతులతోనే లెక్క పూర్తిచేసుకొందురు.

పాత చదువు ఎందుకు చాలదో ఒక్క ఉదాహరణ చాలును. పడిపోకుండా ఉండుటకని వృద్ధులను కుర్చీకి, మంచానికి కట్టివేయుట అక్కడ దశాబ్దాల పాటు సాధారణ పద్ధతి. అది భద్రతేనని నమ్మినవారు దుర్మార్గులు కారు. వారికి నేర్పినది అదే. కట్టుబడిన మనిషికి కండరాలు క్షీణించి, పడకపుండ్లు ఏర్పడి, పెనుగులాటలో మరింత తీవ్రమైన గాయాలు తగులునని తరువాతనే తేలినది. శిక్షించుటకో, సిబ్బంది సౌకర్యానికో కట్టివేయుటను, మందులతో మత్తులో ఉంచుటను 1987 నాటి సంస్కరణ చట్టం నిషేధించినది. 1975లో లైసెన్సు పొంది మరల పుస్తకం తెరువని నిర్వాహకుడు ఈ మార్పును ఎట్లు తెలుసుకొనును?

నిన్నటివరకు సక్రమంగా మాట్లాడిన పెద్దమనిషి నేడు హఠాత్తుగా తికమకపడిన, అది కేవలం ముసలితనం కాకపోవచ్చును. మూత్రకోశ వ్యాధి, ఒంట్లో నీరు తగ్గుట, క్రొత్తగా ఇచ్చిన మాత్ర కారణం కావచ్చును. నిర్వాహకుడు వైద్యుడు కాడు, నిజమే. కాని రాత్రి డ్యూటీలో ఎందరుండవలెనో, డ్యూటీ మారునపుడు ఎవరు ఎవరికి ఏమి చెప్పవలెనో, డాక్టరును ఎప్పుడు పిలువవలెనో నిర్ణయించునది అతడే.

అయితే శిక్షణ పేరుతో సిబ్బంది కొరతను కప్పిపుచ్చుటకు మేము అంగీకరించము. విశ్రాంతి ఇవ్వక తరగతికి పంపిన రన్నింగ్ సిబ్బంది అక్కడ ఏమి వినగలరో మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. అమెరికాలోనే, ఒక్కొక్క వృద్ధునికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ అందవలెనని 2024లో ఫెడరల్ ప్రభుత్వం నియమం చేయగా, గృహ యజమానుల సంఘం కోర్టుకెక్కినది. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం దానిని కొట్టివేసినది. లైసెన్సు మిగిలినది, చేతులు మాత్రం పెరుగలేదు.

మన దేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే గృహాలను ఉద్దేశించినది. అదియు "ఏర్పాటు చేయవచ్చును" అన్నంతవరకే. రిజిస్ట్రేషను, కనీస ప్రమాణాలు చేర్చిన 2019 సవరణ బిల్లు చట్టం కాకుండానే, 2024లో ఆ లోక్‌సభతోపాటు మురిగిపోయినది.

ఇది మనకు పరాయి విషయం కాదు. పిల్లలు దూరదేశాలలో ఉండగా ఇట్టి గృహాలలో చేరుచున్న మన పెన్షనర్లు ఉన్నారు. 2020 నుండి వారి జీవిత ప్రమాణ పత్రం కొరకు గుమ్మం తొక్కుచున్నది మన పోస్ట్‌మనే. వేలిముద్రతో వారు బ్రతికియున్నట్లు రుజువగును. ఎట్లు బ్రతుకుచున్నారో అడుగు గడి ఆ పత్రంలో లేదు.

కావున ప్రతి వృద్ధుల గృహానికి రిజిస్ట్రేషను, నిర్వాహకునికి అర్హత, వృద్ధుల సంరక్షణకు విధిగా కొన్ని గంటలు కేటాయించిన పునశ్చరణ శిక్షణ, ఆయాలకు, సహాయకులకు డ్యూటీ వేళలలోనే జీతంతో కూడిన శిక్షణ కావలెనని మేము కోరుచున్నాము. 2007 చట్టం 19వ సెక్షను క్రింద ప్రమాణాలు నిర్ణయించు అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇప్పటికే ఉన్నది; క్రొత్త బిల్లు కొరకు వేచియుండనక్కరలేదు. డివిజను, సర్కిలు శాఖలు పెన్షనర్ల సంఘాలతో కలిసి రాబోవు సర్వసభ్య సమావేశాలలో తీర్మానాలు చేసి, సంబంధిత రాష్ట్ర ప్రభుత్వాలకు పంపి, ప్రతులను కేంద్ర కార్యాలయానికి అందజేయవలెను.