వెయ్యి ముప్పై అయిదు రూపాయల భయం

మా బావమరిది కారెక్కగానే ముందు డాష్‌బోర్డు మీదున్న వినాయకుడికి దండం పెట్టుకుంటాడు. ఆ వెంటనే ఫోన్ తీసి మా వాళ్ల వాట్సాప్ గ్రూపు చూస్తాడు. మొదటిది అలవాటు. రెండోది అసలైన భక్తి. మామూలు రోజుల్లో ఆ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు, కషాయం చిట్కాలు తప్ప ఏమీ ఉండవు. సంక్రాంతి ముందు వారం మాత్రం అది గూఢచారి శాఖ అయిపోతుంది. "శంషాబాద్ దాటాక బ్రిడ్జి కింద గన్ను", "చౌటుప్పల్ దగ్గర తెల్ల బండి, జాగ్రత్త", "సూర్యాపేట క్లియర్". సరిహద్దుల్లో సైనికులైనా ఇంత చురుగ్గా కబుర్లు పంపుకుంటారో లేదో!

నవ్వుతున్నాను గానీ నేనూ ఆ తాను ముక్కనే. బజాజ్ చేతక్ మీద తిరిగే రోజుల్లో నాకు ట్రాఫిక్ పోలీసంటే భయం ఉండేది. కానీ అక్కడ ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. బతిమాలుకోవచ్చు. "మా అమ్మకి బాగాలేదండీ" అని చిన్న అబద్ధం ఆడొచ్చు. ఆయన విసుక్కుని వదిలేయనూ వచ్చు. కెమెరాతో ఏం మాట్లాడతాం? అది ఆపదు, అరవదు. మనం ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని, హాయిగా పడుకున్నాక ఫోన్‌కి ఓ మెసేజ్ వస్తుంది. వెయ్యి రూపాయలు జరిమానా, ముప్పై అయిదు రూపాయలు యూజర్ చార్జీలు. తెలంగాణలో కారున్నవాళ్లలో ఈ 1035 అనే అంకె తెలియనివాళ్లు తక్కువ. కొందరికి సొంత బండి నంబరు కంటే బాగా గుర్తుంటుంది.

మొన్న భోగికి ముందు రోజు ఊరికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, బావమరిది. కూకట్‌పల్లి నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్లి ఔటర్ రింగు రోడ్డెక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ హైవే పట్టుకోవాలి. పంతంగి టోల్‌గేటు దగ్గర రద్దీ పెరగకముందే దాటేద్దామని తెల్లవారగానే బయటపడ్డాం. 158 కిలోమీటర్ల ఆ ఔటర్ మీద ఇదివరకు గంటకు వంద దాటకూడదనేవారు. 2023లో దాన్ని నూట ఇరవై చేశారు. అప్పుడు నేను చాలా సంతోషించాను. నూట ఇరవై చాలదా మనిషికి? చాలదని ఆ పొద్దున నాకే తెలిసింది. ఎదురుగా ఖాళీ రోడ్డు, పక్కన బావమరిది కబుర్లు, పైగా టోల్‌గేటు తొందర. మీటరు ముల్లు నూట ముప్పై నాలుగు మీద ఉంది.

తుక్కుగూడ దాటాక దూరంగా రోడ్డు పక్కన పసుపు జాకెట్లు వేసుకున్న ఇద్దరు కనబడ్డారు. వాళ్ల ముందు మూడు కాళ్ల స్టాండు, దాని మీద ఏదో పెట్టె.

"బావా, గన్ను!"

అంతే. నా బుర్ర పని చెయ్యలేదు, కాలు చేసింది. బ్రేకు ఎంత గట్టిగా తొక్కానంటే వెనక సీట్లో మా ఆవిడ ఒళ్లో ఉన్న అరిసెల డబ్బా ఎగిరి ముందుకొచ్చి పడింది. అదే క్షణంలో వెనక నుంచి పొడుగ్గా హారన్, టైర్లు కీచుమన్న చప్పుడు. తెల్ల టవేరా ఒకటి నా కారుని ఒరుసుకున్నంత దగ్గరగా ఎడమ పక్క లేన్‌లోకి తప్పుకుని, అటూ ఇటూ ఊగి, నిలదొక్కుకుని ముందుకెళ్లిపోయింది. ఆ లేన్‌లో ఆ క్షణాన లారీ ఏదీ లేదు. నా తెలివి, టవేరా డ్రైవరు నేర్పు అవతల పెడితే, ఆ లారీ లేకపోవడం వల్లే ఇవాళ ఇది రాస్తున్నాను.

ఆ పసుపు జాకెట్ల దగ్గరికి వచ్చాక చూస్తే అది గన్ను కాదు. రోడ్డు కొలిచే సర్వే కుర్రాళ్లు. ఒకడు చిప్స్ తింటూ మా వంక చూశాడు.

కారులో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మా ఆవిడ విరిగిన అరిసెలు ఏరి డబ్బాలో వేసుకుంటోంది. కోపం వస్తే అరిచే మనిషి. ఊరుకుందంటే అది వేరే సంగతి.

పెద్ద అంబర్‌పేటలో దిగాక టీ కోసం ఆగితే అదే టవేరా అక్కడుంది. పసుపు నంబరు ప్లేటు, పైన తాళ్లతో కట్టిన బ్యాగులు. లోపల పండక్కి వెళ్తున్న ఒక కుటుంబం. అయిదారేళ్ల పిల్లాడి నుదుటి మీద బొప్పి కట్టింది, తల్లి తడిగుడ్డ పెట్టి అదుముతోంది. వాడు ఏడుపు ఆపేసి బిస్కెట్ తింటున్నాడు. నేను వెళ్లకుండా ఉండగలిగేవాణ్నే. బావమరిది వద్దనే అన్నాడు కూడా. కానీ డ్రైవరు నన్ను చూసేశాడు.

"ఏంది సార్, గట్ల ఒక్కపారి బ్రేకు కొడ్తరా? ఎనక పిల్లలున్నరు."

"కెమెరా అనుకున్నాను బాబూ" అన్నాను. ఆ మాట నా చెవులకే ఎంత సిగ్గుగా వినపడిందో!

ఆ కుర్రాడు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తలకాయ అటూ ఇటూ ఊపి, "నేను గూడ గట్లనే కొడ్త సార్" అన్నాడు. "పోయిన నెల రెండు చలాన్లు వచ్చినయి. ఓనరు నా జీతంల పట్టుకున్నడు. ఒక్కో చలాను నాకు రోజు కూలి కన్న ఎక్కువ."

పిల్లాడి తల్లికి సారీ చెప్పాను. ఆవిడ నా వైపు చూడలేదు.

పంతంగి దాకా బావమరిది కెమెరాలనీ, పెట్టినవాళ్లనీ తిడుతూనే ఉన్నాడు. "ఇదంతా వసూళ్ల దుకాణం బావా" అన్నది అతని వాదన. అందులో కొంత పస లేకపోలేదు. 2021 ఆగస్టులో కేంద్రం ఈ కెమెరాల గురించి మోటారు వాహనాల నియమాల్లో 167-ఏ అని ఒకటి చేర్చింది. దాని ప్రకారం వేగాన్ని కొలిచే పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటేటా కొత్తగా తీసుకోవాలి. కెమెరా ఉన్న దారిలో ముందుగానే అందరికీ కనబడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలి. ఎన్ని రోడ్ల మీద మీరు అలాంటి బోర్డులు చూశారు? ఉన్నచోట కూడా దాని ముందు వేపకొమ్మో, ఏ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీయో ఉంటుంది. ఎనభై అని రాసిన రోడ్డు చెప్పాపెట్టకుండా అరవై అవుతుంది. ఆ అరవై దగ్గరే చెట్టు చాటున గన్ను ఉంటుంది. చాటున పెట్టడం నాకు నచ్చదు. బండి నెమ్మదించాలన్నదే ఉద్దేశమైతే కెమెరా దూరం నుంచి కనబడాలి కదా.

కానీ "గన్ను తప్పు చూపిస్తుంది" అన్న వాదన ఉందే, అది మాత్రం మనం మనకి చెప్పుకునే ఓదార్పు. లేజర్ గన్ను కంటికి కనబడని కాంతిని చిన్నచిన్న తునకలుగా బండి మీదికి పంపుతుంది. తగిలి వెనక్కి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కకడుతుంది. రెప్పపాటులో ఇది వందల సార్లు చేసి, దూరం ఎంత త్వరగా తగ్గుతోందో చూసి వేగం తేలుస్తుంది. రోడ్డుకి పక్కగా ఏటవాలుగా నిలబడి కొడితే అంకె అసలు వేగం కంటే కాస్త తగ్గే వస్తుంది, పెరగదు. ఇక మన కారు మీటరు సంగతి. అది ఉన్నదాని కంటే కొంచెం ఎక్కువే చూపించేలా తయారుచేస్తారు. అంటే "నా మీటరులో నూట అయిదే ఉంది, చలానులో నూట పది వేశారు" అని వాదించేవాడు ఆ సమయంలో మీటరు చూడలేదన్నమాట.

ఈ కెమెరాల పూర్వీకుణ్ని కనిపెట్టినాయన పోలీసు కాదు, రేసు డ్రైవరు! నెదర్లాండ్స్‌కి చెందిన మారిస్ గాట్సోనిడెస్. 1953లో మాంటె కార్లో ర్యాలీ గెలిచిన మనిషి. మలుపుల్లో తాను ఇంకెంత వేగంగా వెళ్లగలడో కొలుచుకోవడానికి ఒక పరికరం తయారుచేసుకున్నాడు. చివరికి అది వేగంగా వెళ్లేవాళ్లని పట్టుకునే యంత్రమైంది. ఈ సంగతి బావమరిదికి చెబితే, "చూశావా, మనవాడే వెన్నుపోటు పొడిచాడు" అన్నాడు.

కెమెరా దగ్గర తగ్గించి, దాటాక తొక్కే మనలాంటి వాళ్ల కోసం ఇంకో రకం కూడా వచ్చింది. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2024 నుంచి ఉంది. ఒకచోట బండి నంబరు చూస్తుంది, కొన్ని కిలోమీటర్ల తర్వాత ఇంకోచోట చూస్తుంది, మధ్యలో పట్టిన టైమును బట్టి సగటు లెక్కేస్తుంది. ఆ రెండింటి మధ్యా ఎక్కడ బ్రేకు కొట్టినా లాభం లేదు. ఇది విని బావమరిది రెండు నిమిషాలు ఆలోచించి, "అయితే రెండోదాని ముందు ఆగి టీ తాగితే సరి" అన్నాడు. ఈ బుర్ర వేరే పనికి వాడి ఉంటే ఎక్కడో ఉండేవాడు.

కనుమ నాడు గారెలూ కోడికూర వడ్డిస్తుండగా నా ఫోన్ మోగింది. చలానా. సర్వే కుర్రాళ్ల దగ్గర కాదు, దానికి చాలా ముందు, శంషాబాద్ దాటాక. గ్రూపులో వాళ్లు చెప్పిన బ్రిడ్జి కిందే. వేగం 127. ఫోటోలో నా కారు, నంబరు ప్లేటు, టైముతో సహా శుభ్రంగా ఉన్నాయి. అక్కడ నేను బ్రేకు తొక్కనే లేదు. బావమరిది ఏదో జోకు చెబుతుంటే నవ్వుతున్నానేమో, అసలు గన్నుని చూసిన గుర్తే లేదు. లేనిచోట ప్రాణం మీదికి తెచ్చుకుని, ఉన్నచోట దర్జాగా ఫోటో దిగానన్నమాట.

భోజనాలయ్యాక అరుగు మీద కాగితం పెన్ను పెట్టుకుని లెక్కేశాను. నూట ఇరవై ఏడు అంటే సెకనుకి ముప్పై అయిదు మీటర్లు. ఆ పసుపు జాకెట్ల వంక నేను ఎంతసేపు చూసి ఉంటాను? రెండు సెకన్లనుకుందాం. డెబ్బై మీటర్లు. అంత దూరం నేను రోడ్డు చూడలేదు, అద్దం చూడలేదు. కోట శ్రీనివాసరావు గారి అబ్బాయి 2010లో, అజహరుద్దీన్ గారి అబ్బాయి 2011లో పోయింది ఈ ఔటర్ మీదే. ఆ వార్తలు చదివి ఎంత బాధపడ్డానో గుర్తుంది. చదివాక కారెక్కి ఏం చేశానో మాత్రం గుర్తు లేదు.

ఫోన్‌లో డబ్బు కట్టబోతుంటే బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. "పిచ్చా బావా! ఆగు. 2022 మార్చిలో కార్లకి సగం తగ్గించారు. 2023 చివర్లో అరవై శాతం తీసేశారు. మళ్లీ రాకపోతుందా?" అతను చెప్పింది నిజమే. నేనూ ఆ రెండుసార్లూ ఆగి ఆగి, రాయితీలో కట్టి, ఏదో గెలిచినట్టు అందరికీ చెప్పుకున్నాను. తగ్గింపు అమ్మకాలకి ఎదురుచూసినట్టు జరిమానాకి ఎదురుచూసే జాతి మనది.

"ఈసారి కట్టెయ్యండి" అంది మా ఆవిడ, వంటింట్లోంచే. టవేరా సంగతి తర్వాత ఆవిడ ఆ విషయంలో మాట్లాడిన మొదటి మాట అది. కట్టేశాను. ఆ టవేరా కుర్రాడికి ఈ మొత్తం ఒక రోజు కూలి కంటే ఎక్కువ. నాకు ఓ ఆదివారం హోటల్ బిల్లు. ఇద్దరికీ ఒకటే అంకె. ఇందులో న్యాయం ఎంతో నాకు తేలలేదు.

తిరుగు ప్రయాణంలో ఔటర్ మీద బావమరిది మళ్లీ ముందు సీట్లోనే కూర్చున్నాడు. బొంగులూరు దాటామో లేదో, "బావా, గన్ను!" అన్నాడు. ఈసారి నిజంగానే ఉంది. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. మీటరు చూశాను. తొంభై ఎనిమిది. అద్దంలో చూశాను. నా వెనకే ఓ ఆల్టో, వెనక సీట్లో కిటికీకి ముక్కు ఆనించి ఒక పాప. కాలు తీసి మళ్లీ యాక్సిలరేటర్ మీద పెట్టాను.

"తగ్గించవేం?" అన్నాడు బావమరిది కంగారుగా.

"ఎందుకూ?" అంది మా ఆవిడ వెనక నుంచి.