కాగితాన్ని పిలుస్తారు, మనిషిని పిలవరు

ఒక సవాల్ అడుగుతా. దాచేపల్లి మండలంలో నడికుడి, కేసానుపల్లి వైపు, ఆ పక్కన పిడుగురాళ్ల మండలం కోనంకి వైపు పర్మిట్ లేకుండా సున్నపురాయి ఎవరు తవ్వారో, రాత్రిపూట ఎన్ని టిప్పర్లు పోయాయో, ఏ బట్టీ ముందు ఆగాయో తెలియని మనిషి ఆ ఊళ్లల్లో ఉన్నాడా? పొక్లెయిన్ నడిపినవాడికి తెలుసు. టిప్పర్ డ్రైవర్‌కి తెలుసు. కాటా దగ్గర చీటీ రాసిన మున్షీకి తెలుసు. దుమ్ము పడి మిరప ఆకు తెల్లబడిన రైతుకి తెలుసు. తెలియనిది ఒక్క హుకూమత్‌కే.

ఈ మస్లా హైకోర్టు దాకా పోయింది. సీఐడీ చూసింది. సీబీఐకి ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వమే తేల్చుకోవాలని 2019 ఆగస్టులో హైకోర్టు చెప్పింది. 2020లో సీబీఐ కేసు కట్టింది. ముల్జిముల పేర్లు అందరూ పేపర్లలో చదివారు, నేను రాయను. ఇల్జామ్ వేరు, జుర్మ్ రుజువు కావడం వేరు. ఈరోజు నా ఝగడా వాళ్లతో కాదు. సర్కారు మీద కన్నేసి ఉంచమని మనం జీతాలిచ్చి కూర్చోబెట్టిన పహరేదార్లు ఉన్నారే, వాళ్ల చేతుల్లో ఏముందన్నదే నా ఝగడా.

వాళ్ల చేతుల్లో కాగితం ఉంది. అంతే.

కాగ్ సంగతే చూడండి. 1971 నాటి చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆడిటర్ ఏ సర్కారీ ఆఫీసుకైనా వెళ్లి లెక్కలు తనిఖీ చేయొచ్చు, రికార్డు తెప్పించుకోవచ్చు, ఆ ఆఫీసు ఇన్‌చార్జిని ప్రశ్నలడగొచ్చు. ఆ ఇన్‌చార్జి జవాబివ్వకపోతే? ఆ చట్టంలో సజా లేదు. నిరుడు సంతకం పెట్టి ఈ ఏడు రిటైరైపోయిన పెద్దమనిషిని? పిలిపించి ఖసమ్ మీద అడిగే ఇఖ్తియార్ లేదు. లీజుదారుని? అసలే లేదు. ఇక విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్. అది ప్రభుత్వ ఉత్తర్వులతో నడిచే విభాగం. చూసి రిపోర్టు రాస్తుంది, ఆ రిపోర్టు మళ్లీ ప్రభుత్వానికే పోతుంది. ఎవరి మీద రాశారో వాళ్ల టేబుల్ మీదికే!

తమాషా ఏంటంటే, మనిషిని పిలిచే తాకత్ మైనింగ్ శాఖకి ఉంది. 1957 గనుల చట్టం 24వ సెక్షన్ కింద అధికారి గనిలోకి దిగొచ్చు, కొలవొచ్చు, రిజిస్టర్ చూడొచ్చు, ఆ గనితో సంబంధం ఉన్న ఎవరినైనా ప్రశ్నించొచ్చు. కానీ పర్మిట్లు ఇచ్చేది ఆ శాఖే, గుంటలు కనపడలేదన్నదీ ఆ శాఖే. ఎవరి కళ్లు మూసుకుపోయాయో తేల్చాలో, అడిగే హక్కు వాళ్లకే ఇచ్చి, వాళ్లని అడగాల్సినవాడికి ఇవ్వలేదు. దీన్ని ఇంతెజామ్ అంటారా?

కాగితం మీద ఇంత భరోసా దేనికో నాకు అర్థం కాదు. ఒక టిప్పర్ డ్రైవర్‌తో నడికుడిలో చాయ్ తాగుతుంటే అడిగాను, "మామూ, పర్మిట్ ఉంటే గదా లోడు కదిలేది?" అని. నవ్వాడు. "పర్మిట్ ఒకటే భాయ్, తిరిగేది నాలుగు సార్లు. కాగితం దగ్గర కూర్చుంటే అన్నీ సాఫ్‌గానే కనపడతాయి." దొంగ చేతి రాతని దొంగతనానికి సబూత్‌గా చదువుకునే దర్యాప్తు ఎంతకని తేలుతుంది? ఆ నాలుగు ట్రిప్పుల లెక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు. మామూ నోట్లో ఉంది.

"పోలీసులు ఉన్నారు గదా" అంటారు కొందరు. ఉన్నారు. కానీ పోలీసుకి ఇచ్చిన వాంగ్మూలం మీద చెప్పినవాడి దస్తఖత్ ఉండకూడదన్నది మన కానూనే. పాత నేర స్మృతిలోనూ అంతే, కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ అంతే. పైగా పోలీసు వచ్చేది జుర్మ్ బయటపడ్డాక. ఓబుళాపురం కేసు సీబీఐ కట్టింది 2009లో, సీబీఐ కోర్టు ఫైసలా చెప్పింది 2025 మే 6న. పదిహేనేళ్లకు పైనే! అన్నేళ్లు ఏ గవాహ్ యాదాష్త్ నిలబడుతుంది? అంతకుముందే, రాయి ఇంకా కొండలో ఉండగానే, ఖసమ్ మీద అడిగి రాయించుకునేవాడు కావాలి.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. అమెరికాలో శాఖల మీద నిఘాకి ఇన్‌స్పెక్టర్ జనరళ్లు ఉన్నారు. 1978 చట్టం వాళ్లకి కాగితాలు రప్పించే తాకత్ ఇచ్చింది, మనిషిని రప్పించేది ఇవ్వలేదు. నౌకరీకి రాజీనామా పడేసి ఇంటికి పోయినవాడిని అడగలేక చేతులు పిసుక్కున్నారు. రక్షణ శాఖలో ఆ ఇఖ్తియార్ తర్వాత వచ్చింది, మాజీ సైనికుల శాఖలో 2022లో వచ్చింది. చాలామందికి ఇంకా లేదు.

మన దగ్గర ఉన్నది ఒక్క లోకాయుక్త. 1983 చట్టం సివిల్ కోర్టుకున్న తాకత్ ఇచ్చింది. ఎవరినైనా సమన్ చేయొచ్చు, ప్రమాణం మీద విచారించొచ్చు. మషాల్లా! మరి విభజన తర్వాత ఈ రాష్ట్రానికి సొంత లోకాయుక్త వచ్చిందెప్పుడు? 2019 సెప్టెంబరులో. 2021లో ఆఫీసు కర్నూలుకి మార్చారు. దాచేపల్లి కూలీకి కర్నూలు అంటే పోనూ రానూ రెండు రోజుల మజూరీ. అంతా చేసి ఆయన ఇచ్చే రిపోర్టు సిఫారసే తప్ప హుకుం కాదు.

ఇప్పుడు ఎదుటివాళ్ల మాట. "ఈ తాకత్ ఇస్తే, సర్కారు మారినప్పుడల్లా పాతవాళ్లని పిలిచి సతాయిస్తారు." నిజం. పల్నాడులో పుట్టినవాడిని, ఐదేళ్లకోసారి కేసులు అటునుంచి ఇటు తిరగడం నేను చూడలేదా? అందుకే ఆ కలం మంత్రి కింద పనిచేసే ఆఫీసరుకి ఇవ్వొద్దంటున్నా. ఆడిటరో విజిలెన్సో ఫలానా మనిషి కావాలని కారణం రాసి అడగాలి, లోకాయుక్తో జిల్లా జడ్జో చూసి సమన్ మీద మొహర్ వేయాలి. "రాజ్యాంగం 20(3) ఉంది, తన మీద తానే గవాహీ చెప్పమని ముల్జిమ్‌ని బలవంతపెట్టకూడదు" అంటారు. ఒప్పుకుంటా. దానికి దారి 1952లోనే వేశారు. విచారణ కమిషన్ ముందు చెప్పిన మాటని, అబద్ధం చెప్పాడన్న కేసులో తప్ప, చెప్పినవాడి మీదే వాడకూడదని ఆ చట్టం 6వ సెక్షన్ అంటుంది. అదే ఇక్కడా పెట్టండి.

నా అసలు ఖౌఫ్ మాత్రం వేరే. సమన్ ముందు ఎవరి ఇంటికి పోతుంది? మామూ ఇంటికి. లీజుదారు వకీలుని పంపిస్తాడు, ఆఫీసరు మెడికల్ లీవు పెడతాడు, బోనులో నిలబడేది డ్రైవర్. పొద్దున గవాహీ ఇస్తే సాయంత్రానికి బండి తాళం ఓనర్ చేతికి పోతుంది, మర్నాడు ఇంకేం పోతుందో అల్లాకే తెలుసు. అప్పు పత్రాల గురించిన ఆ పెద్ద ఆయత్ సూరా బఖరాలో చదివినవాళ్లకి తెలుసు, అందులో రెండు హుకుంలూ పక్కపక్కనే ఉన్నాయి. పిలిస్తే గవాహ్ రానని అనకూడదు. గవాహ్‌కీ, రాసినవాడికీ హాని జరగకూడదు. మొదటిది తీసుకుని రెండోది వదిలేసే సర్కారుకి నేను ఈ తాకత్ ఇవ్వమనను. సాక్షుల రక్షణ స్కీముని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఖాయం చేసింది, కొత్త సంహిత ప్రతి రాష్ట్రమూ ఒకటి రాసుకోవాలంది. అది క్రిమినల్ కేసుల గవాహ్‌ల కోసం. నిఘా సంస్థ పిలిచిన గవాహ్‌కీ అదే పనాహ్ ఇవ్వాలి, పోయిన రోజు కూలి చేతిలో పెట్టాలి.

వరుస కూడా తిరగేయాలి. మొదటి సమన్ సంతకం పెట్టినవాడికి, పర్మిట్ ఇచ్చినవాడికి, లీజుదారుకి, రాయి కొన్న బట్టీ మాలిక్‌కి. డ్రైవర్ చివర్న. అప్పటికి అతను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా మిగలదు, భయమూ తగ్గుతుంది. ఆ విచారణకి కర్నూలు రమ్మనొద్దు. గురజాలలో కోర్టు ఉంది, నెలకి రెండు రోజులు అక్కడ ఒక గది ఇస్తే చాలు.