ఒడికీ బడికీ నడుమ

తెలుగునాట విద్యారంభం ఒడిలో జరుగుతుంది. గోదావరి తీరాన బాసర సరస్వతీ సన్నిధిలోనైనా, ఇంట దేవుని పటం ముందైనా, పెద్దలు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, ఆ చిట్టి వేలు పట్టి పళ్ళెంలోని బియ్యం మీద తొలి అక్షరాలు దిద్దిస్తారు. ఆ క్షణాన బిడ్డకు అక్షరం క్రొత్తదే గాని, తన చేతిని పట్టిన చేయి క్రొత్తది కాదు. తెలియనిదానిని తెలిసినవారి ఒడిలోనుంచి చూపించడం ఆ ఆచారంలోని మర్మం. మన పూర్వులు పసిమనస్సు తీరును చక్కగా ఎరిగినవారు.

ఇంత చక్కగా ఆరంభించిన కార్యం కొన్నాళ్ళకే బడి వాకిట ఏమవుతున్నది? "బజారుకు పోదాం, బిస్కట్లు కొనిపెడతాను" అంటూ బిడ్డను చంకనెత్తుకొని వస్తారు. ఆయా చేతికి అందిస్తారు. గోడమీది ఏనుగుబొమ్మను చూపిస్తారు. బిడ్డ అటు చూడగానే తల్లి ఇటు తప్పుకొంటుంది. తల త్రిప్పి చూచేసరికి అక్కడ తల్లి లేదు. నగరాల కాన్వెంటులలోనూ, పల్లెల అంగన్‌వాడీలలోనూ, వేసవి సెలవులలో పట్టణాలలో నడిపే పిల్లల శిబిరాలలోనూ తరచు కనిపించే తంతు ఇదే. పెద్దలు దీనిని మోసమనుకోరు; ఉపాయమనుకొంటారు.

తెలుగువారు చుట్టాల ఇంటినుంచి కదిలేటప్పుడు ఉత్త "వెళ్తాను" అనరు, "వెళ్ళివస్తాను" అంటారు. ఒక సీమలో "వెళ్ళొస్తాను" అయినా, మరొక సీమలో "పోయొస్తా" అయినా, తిరిగి రావడం ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. రెండు పూటలుండిపోయే చుట్టానికి దక్కే ఈ మర్యాద కన్నబిడ్డకు దక్కకపోవడం విచారకరం. నిజానికి ఆ మాట అవసరం చుట్టానికంటె బిడ్డకే ఎక్కువ. మూడేళ్ళ పసివానికి గడియారం తెలియదు. కనుమరుగైన మనిషి మళ్ళీ కనిపిస్తుందన్నది వానికి అనుభవంమీద తెలియవలసిన సంగతి. "వస్తాను" అన్న మనిషి వచ్చినప్పుడే ఆ అనుభవం కలుగుతుంది. చెప్పకుండా మాయమైన మనిషి వచ్చినా అది కలగదు. వచ్చిన మనిషి ఎప్పుడు మాయమవుతుందో అన్న దిగులు మాత్రం మిగులుతుంది.

"చెప్పి వెళ్తే ఏడుస్తాడు, చెప్పకపోతే కాసేపటికి మరచిపోతాడు" అని పెద్దల వాదం. ఏడుపు రెండు విధాలా తప్పదు. చెప్పి వెళ్ళినప్పటి ఏడుపు ఎడబాటుకు మాత్రమే. చెప్పక వెళ్ళినప్పటి ఏడుపు ఎడబాటుకూ, వంచనకూ. మొదటిది తల్లి తిరిగి రాగానే తీరుతుంది. రెండవది తల్లి వచ్చిన తరువాత కూడా తీరదు. ఆ బిడ్డ ఆ సాయంకాలం తల్లిని వంటింటిలోనికైనా ఒంటరిగా పోనివ్వడు. నిద్రలో సైతం కొంగు వదలడు. "వీడికి మంకుతనం ఎక్కువైంది" అని అప్పుడు విసుక్కుంటారు. అది మంకుతనం కాదు, కాపలా.

ఏడుపు మానినంత మాత్రాన బిడ్డ కుదుటపడ్డాడని తీర్మానించడమూ పొరపాటే. ఒకప్పుడు బ్రిటన్ ఆసుపత్రులలో పసివారిని చూడడానికి తలిదండ్రులను విరివిగా రానిచ్చేవారు కారు. వారు వచ్చిపోతే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే నెమ్మదిగా ఉంటారన్నది అక్కడివారి నమ్మకం. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ బాలికను చలనచిత్రంగా తీసి 1952లో ప్రదర్శించాడు. నెమ్మది అనుకొన్నది నెమ్మది కాదనీ, దిగమ్రింగిన దుఃఖమనీ ఆ చిత్రం చూపింది. తలిదండ్రులను ధారాళంగా రానివ్వాలని 1959లో అక్కడి ప్రభుత్వం నియమించిన ప్లాట్ సంఘమే సిఫారసు చేసింది. ఆసుపత్రిలో ఎనిమిది రోజులూ, బడిలో మూడు గంటలూ ఒకటి కావు. ఆ పోలికను ఎక్కువ దూరం లాగరాదు. కాని మౌనాన్ని సమ్మతిగా పొరబడే ప్రమాదం రెండు చోట్లా ఒకటే.

అయితే బిడ్డను ఇల్లు కదలనివ్వరాదని దీని అర్థం కాదు. గిజుభాయి బధేకా 1920లో భావనగరంలో బాలమందిరం స్థాపించిననాటి నుంచీ, మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిననాటి నుంచీ, పసివారికి తోటిపిల్లల నడుమ ఒక లోకం కావాలన్న మాట ఈ దేశం వింటూనే ఉన్నది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన శిశు అభివృద్ధి పథకం పల్లెపల్లెకూ అంగన్‌వాడీని తెచ్చింది. 'అంగన్' అంటే ముంగిలి. ఆ పేరే మార్గం చెబుతున్నది: ఒడినుంచి ముంగిటికి, ముంగిటినుంచి బడికి. నడుమ మెట్టును తీసివేసి బిడ్డను ఒక్క ఉదుటున బడిలోనికి త్రోయడమే తప్పు.

ఈ మెట్టు కట్టవలసిన బాధ్యత తల్లి ఒక్కదానిదే కాదు. తెల్లవారకముందే మిరపచేనికి కూలికి పోయే తల్లి అంగన్‌వాడీలో గంటసేపు కూర్చోలేదు. ఆమె స్థానంలో అవ్వనో అక్కనో నాలుగు దినాలు కూర్చోనివ్వవచ్చు. తల్లి ఎంత తొందరలో ఉన్నా "అన్నం తిన్నాక వస్తాను" అని బిడ్డ ముఖం చూచి చెప్పడానికి కూలి తగ్గదు. అన్నం వేళ బిడ్డకు తెలిసిన వేళ. రాగలిగిన వేళనే చెప్పాలి. చెప్పిన వేళకు తానో, చెప్పి పంపిన మనిషో రావాలి. ఇక వేలకు వేలు రుసుము పుచ్చుకొనే బడులు తొలిదినాననే గేటు మూసి "తలిదండ్రులు లోనికి రాకూడదు" అనడం ఏ విద్యాశాస్త్రమో బోధపడదు. మొదటివారం ఒక గంట, రెండవవారం రెండు గంటలు అన్న ఏర్పాటుకు ధనం అక్కరలేదు, ఓర్పు చాలు. "ఏడిస్తే మీ అమ్మ రాదు" అని బెదిరించే ఆయాలకు ఆ మాట మానమని చెప్పడానికి ఓర్పు కూడా అక్కరలేదు.

బడిలో చేరిన పిమ్మట పిల్లలకు "అబద్ధమాడరాదు" అని నేర్పుతారు. పెద్దలు ఆ పాఠాన్ని ముందుగా బడి వాకిట తాము అప్పగించాలి.