చచ్చిన రైతు అప్పు ఆలిపిల్లల మెడకా?

పత్తి రైతు పురుగులమందు తాగి ప్రాణం తీసుకుంటే ఆ గడప ముందుగా తొక్కేది ఎవరు? ఎమ్మార్వో కాదు, ఎమ్మెల్యే కాదు. ప్రామిసరీ నోటు చేతబట్టుకొని వడ్డీ వ్యాపారి వస్తాడు. దినాలైనా కాకముందే 'నీ మొగడు దెచ్చిన పైసలు నువ్వు గట్టవా?' అని నలుగురిలో నిలదీస్తాడు.

ఏ చట్టం కట్టమంది? మేం అడుగుతున్నాం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ స్పష్టంగా ఉంది. పోయినవాని ఆస్తి వారసుల చేతికి ఎంత వచ్చిందో అంతవరకే వాళ్ల బాధ్యత. ఏమీ రాకుంటే ఏమీ లేదు. భార్య కూలి డబ్బులు, ఆమె తల్లిగారు పెట్టిన బంగారం, కొడుకు జీతం జోలికి పోయే హక్కు అప్పులోనికి లేదు. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమనే వాదం కూడా చెల్లదు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ, ఆ తర్వాత చేసిన అప్పులకు ఆ దారి మూసేసింది. జామీను సంతకం చేసినవాళ్ల సంగతి, కుదువబెట్టిన భూమి సంగతి మాత్రం వేరు.

ఇదంతా షావుకారికి బాగా తెలుసు. అందుకే కోర్టుకు పోడు. 'మిత్తి తగ్గిస్తా, గడువిస్తా, ఈ కాయితం మీద వేలుముద్ర వెయ్యమ్మా' అంటాడు. అసలు మోసం అక్కడుంది. కొత్త నోటు మీద ముద్ర పడ్డదంటే మొగని బాకీ ఆమె సొంత బాకీ అవుతుంది. మూడేండ్లకు కాలదోషం పట్టే నోటుకు మళ్లీ ప్రాణం వస్తుంది.

అసలు ఈ అప్పు ఎవరిది? చెరువులను పాడుబెట్టి, కృష్ణా గోదావరి నీళ్లను మళ్లించి, మన రైతును బోరుబండి పాలు చేసిన వలస పాలకులది. 2004 జూన్ 1న 421 జీవో ఇచ్చి కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి 50 వేలు ప్రకటించింది ఆ సర్కారే. కౌలురైతు చనిపోతే పాసుపుస్తకం ఏదని అడిగిందీ ఆ సర్కారే.

2014లో రాష్ట్రం సాధించుకున్నాం. 2015లో 194 జీవోతో సాయం ఆరు లక్షలైంది. 2018లో రైతుబీమా వచ్చింది. అదీ పట్టాదారుకే! కౌలురైతు భార్య మళ్లీ షావుకారి ముందే నిలబడ్డది. ఇందుకా మనం కొట్లాడింది?

కౌలురైతును రైతుగా గుర్తించాలి. చావింటి మీదపడి బెదిరించే వడ్డీ వ్యాపారులపై కేసులు పెట్టాలి. విద్యార్థులారా, ఉద్యోగులారా! సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ ఇంటికి పోండి. ఒక్క మాట చెప్పి రండి: 'అమ్మా, ఏ కాయితం మీదా వేలు పెట్టకు.'